నాయనకు పాము కరిచిన రాత్రి, కర్నూలు పెద్దాసుపత్రి క్యాజువాలిటీ బయట - నా అనుభవం

మా నాయనకు రక్తపింజరి కరిచింది. ఇప్పుడు బాగున్నాడు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. ఇది ఎందుకు రాస్తున్నానంటే ఆ రాత్రి క్యాజువాలిటీ బయట కూర్చున్నప్పుడు లోపల ఏం చేస్తున్నారో, ఇంకెంతసేపు పడుతుందో, మందు ఎందుకు ఆలస్యం అవుతోందో ఏమీ తెలియక చచ్చిపోయినంత పనైంది. ఫోన్లో వెతికితే దొరికినవన్నీ పాము కరిస్తే ఏం చేయాలి ఏం చేయకూడదు అనేవే, ఆసుపత్రి గేటు లోపలికి పోయినాక తెల్లారేదాకా ఏం జరుగుతుందో ఎవరూ రాయలేదు.

సెప్టెంబరు 18, గురువారం. మాది వెల్దుర్తి పక్కన పల్లె. రాత్రి ఏడు దాటినాక నాయన బుడ్డల చేను కాడ మోటర్ ఆపేకి పోయినాడు. స్టార్టర్ పెట్టె కింద గడ్డి బాగా పెరిగి ఉంది. కుడికాలు చీలమండ పైన సుర్రుమనిందంట, టార్చి వేసి చూస్తే పింజరి, చుట్ట చుట్టుకుని బుసలు కొడుతోంది. నాకు ఫోన్ చేసి "రేయ్, పింజరి కరిచింది, బండి తీసుకోని రా" అన్నాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది, నాకే కాళ్ళు చేతులు ఆడలేదు. టైము 7:10.

నేను పోయేసరికి పక్క చేను సీనన్న మోకాలి పైన టవల్‌తో గట్టిగా బిగించి కట్టేసినాడు. పామును చంపి కవర్లో వేసుకొస్తా, డాక్టర్లకు చూపించాల గదా అని కట్టె పట్టుకోని నిలబడినాడు. 108కి చేసింది 7:20కి. అవతల మాట్లాడిన ఆమెను అదే అడిగినా, పామును తేవాలా మేడం అని. అవసరం లేదు, దాని జోలికి పోవద్దు, చచ్చిన పాము తల కూడా కరుస్తుంది, మనిషిని మాత్రం నడిపించొద్దు అనింది. బండి మీద కూర్చోబెట్టకుండా నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురం రోడ్డు దాకా మోసుకొచ్చినాం. అంబులెన్సు 7:55కి వచ్చింది. ఆ ముప్పై అయిదు నిమిషాలు రోడ్డు మీద ప్రతి లైటునూ అదే అనుకుని చూస్తానే ఉన్నా, అప్పటికే పాదం ఉబ్బిపోయి పంటి గాట్ల నుంచి నెత్తురు సన్నగా కారుతానే ఉంది, తుడిస్తే మళ్ళీ వస్తోంది, ఆగడం లేదు.

అంబులెన్సు అబ్బాయి ఎక్కగానే నేను టవల్ విప్పబోయినా, చెయ్యి పట్టి ఆపినాడు. ఇంత బిగించి కట్టినది ఒక్కసారిగా విప్పితే కింద ఆగిన విషమంతా ఒకేసారి పైకి పోయి మనిషి పడిపోవచ్చు, ఆసుపత్రిలో డాక్టర్ పక్కన ఉన్నప్పుడే విప్పాలన్నాడు. కాలు కదలకుండా చెక్క పెట్టి కట్టి, చేతికి సూది పెట్టి, బీపీ చూసి, కాలికున్న నల్లదారం కత్తెరతో కోసేసినాడు, వాపు పెరిగితే అది కండలోకి కోసుకుపోతుందంట. "అన్నా, కరిచిన టైము గుర్తుపెట్టుకో, పోయినకాడల్లా అదే అడుగుతారు" అన్నాడు. నిజమే, ఆ రాత్రి 7:10 అనే మాట ఎంతమందికి చెప్పినానో లెక్కలేదు. హైవే మీద కర్నూలు దాకా నాయన ఒకటే మాట, మోటర్ ఆపలేదురా, చేను మునిగిపోతుంది, సీనయ్యకు ఫోన్ చెయ్ అని.

8:45కి క్యాజువాలిటీలో దిగినాం. చిన్న వయసు డాక్టరమ్మ, ఇంకా పీజీ చదువుతోందంట. టైము అడిగింది, కడుపులో నొప్పి ఉందా, వాంతులయినాయా, కళ్ళ రెప్పలు బరువుగా వాలిపోతున్నాయా, ఒకటి రెండుగా కనిపిస్తున్నాయా, పండ్ల చిగుళ్ళలో నెత్తురు వస్తోందా, మూత్రం పోసినాడా ఏ రంగులో ఉంది, ఇవన్నీ అడిగి నోరు తెరిపించి లైటు వేసి చూసింది. మేడం అది పింజరి, నాయన కళ్ళతో చూసినాడు అని నేను రెండు మూడు సార్లు చెప్తే, సరే రాసుకున్నా, కానీ మన దగ్గర మందు ఒకటే, నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ అదే, ఏ పామో తేలకపోయినా మందు ఆగదు అనింది. సీనన్న పాముతో అనవసరంగా తలపడకుండా ఆపినందుకు అప్పుడు 108 ఆమెకు మనసులో దండం పెట్టుకున్నా. టవల్‌ను ఆమె పక్కన నిలబడి, బీపీ చూసుకుంటా, మెల్లగా వదులు చేయించింది. తర్వాత వాపు ఎంతదాకా వచ్చిందో కాలి మీద పెన్నుతో గీత గీసి పక్కన 8:55 అని రాసింది.

ఇంక మందు వేస్తారనుకున్నా. వేయలేదు. సిస్టర్ చేతినుంచి రెండు ఎంఎల్ దాకా నెత్తురు తీసి, చిన్న గాజు గొట్టంలో పోసి, బల్ల మీద స్టాండులో పెట్టి, పక్కనున్న వాళ్ళందరికీ వినపడేటట్టు "దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు, బల్ల కదిలించొద్దు" అని గోడ గడియారం చూసి టైము రాసుకునింది. ఇరవై నిమిషాలంట. నాకు పిచ్చెక్కింది. గంటన్నర దాటిపోయింది కరిచి, ఇంకా ఇరవై నిమిషాలు గొట్టాన్ని చూస్తా కూర్చోవాలా? సిస్టర్ కోప్పడకుండా చెప్పింది, నెత్తురు గడ్డకడుతుందా లేదా చూసేది ఇదే, మిషన్ ఏమీ లేదు, గొట్టం కొత్తది, పొడిది, గాజుదే అయి ఉండాలి, ప్లాస్టిక్‌దైతే తప్పు చూపిస్తుంది. విషం ఒంట్లోకి ఎక్కకుండా ఉత్త గాటు మాత్రమే పడినోళ్ళకు ఈ మందు వేస్తే లాభం లేకపోగా దానివల్లే రియాక్షన్ వచ్చే ప్రమాదం ఉందంట, అందుకని చూసే వేస్తారు. ఇది ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ ఇరవై నిమిషాలు నేను అంత అల్లాడేవాణ్ణి కాదు. ఈలోపల వాళ్ళు ఊరికే లేరు, ఇంకో చేతికి కూడా సూది పెట్టి ఉంచినారు, మందు పెట్టె ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టినారు.

9:20కి సిస్టర్ గొట్టం మెల్లగా పక్కకు వంచింది. నెత్తురు గాజు మీద నీళ్ళ మాదిరి జారిపోయింది. గడ్డ లేదు, చిన్న ఉండ కూడా లేదు. ఆమె ఏమీ అనకుండా డాక్టరమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపింది, డాక్టరమ్మ "పది" అనింది. అంతే.

పది అంటే పది సీసాలు. వేలెడంత సీసాలు, అందులో తెల్లపొడి. ఒక్కొక్కదాంట్లో నీళ్ళు ఎక్కించి రెండు అరచేతుల మధ్య పెట్టుకుని దొర్లించినారు ఇద్దరు సిస్టర్లు. నేను తొందరపెట్టి అట్ల ఊపితే కరిగిపోతుంది గదా మేడం అంటే, ఊపితే నురుగొచ్చి మందు పాడైపోతుంది, దొర్లించాల్సిందే అని చెప్పింది. ఒక్కో సీసా పూర్తిగా తేటబడేదాకా చూసి, సూదితో లాగి సెలైన్ బాటిల్‌లోకి కలిపినారు. టీటీ ఇంజక్షన్ వేయరా అని కూడా అడిగినా, మనకు తెలిసింది అదే గదా. నెత్తురు గడ్డకట్టని మనిషికి కండలో సూది పొడిస్తే అక్కడ లోపల నెత్తురు చేరుతుంది, గడ్డకట్టినాక వేస్తాం అన్నారు. 9:40కి బాటిల్ తగిలించినారు.

పావుగంట కాలేదు, నాయన ఒళ్ళంతా దురద అని గీరుకోవడం మొదలుపెట్టినాడు, మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు, తర్వాత చలి, మంచం ఊగేంత వణుకు. నేను అరిచినా. వాళ్ళు అరవలేదు, ఇది వస్తుందని ఎదురుచూస్తున్నట్టే ఉన్నారు, మందు ఆపేసి అప్పటికే ట్రేలో తీసి పెట్టుకున్న సూది తొడకు వేసినారు, ఇంకో రెండు నరానికి ఇచ్చినారు, నన్ను బయటికి పొమ్మన్నారు. కండకు సూది వద్దన్నారు గదా అని నాకు తర్వాత తట్టింది, ఆ ఒక్కటి మాత్రం ప్రాణం మీదికొచ్చినప్పుడు తప్పదంట. గుర్రాల నెత్తురు నుంచి తయారు చేసే మందు కాబట్టి కొందరికి ఒళ్ళు ఒప్పుకోదంట. తలుపు బయట నిలబడిన ఆ కాసేపు నేను దేవుణ్ణి ఏం అడిగినానో నాకే గుర్తు లేదు. పది దాటినాక సిస్టర్ తలుపు తీసి "తగ్గింది, మళ్ళీ మొదలుపెట్టినాం, మెల్లగా పోనిస్తున్నాం" అనింది.

అప్పటికి అమ్మ, సీనన్న ఆటోలో వచ్చినారు. లోపల పేషెంట్ పక్కన ఒక్క అటెండర్‌నే, అంటే తోడుగా వచ్చిన మనిషిని ఒక్కరినే ఉండనిస్తారు, అందుకని మేం ఒకరి తర్వాత ఒకరం పోతా వస్తా ఉన్నాం.

బయట హాల్లో ఆ రాత్రి జనం నిండా ఉన్నారు. కర్నూలు ఒక్కటే కాదు, నంద్యాల, ఆదోని, ఆలూరు వైపు వాళ్ళు, గద్వాల, ఆలంపూరు నుంచి, రాయచూరు నుంచి కూడా. మా పక్కన ఆలంపూరు దగ్గర పల్లె అవ్వ, భర్తకు సాయంత్రం పక్షవాతం వచ్చి మాట పడిపోయిందంట. ఇనుప కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, మూటలోంచి జొన్నరొట్టె తీసి అమ్మ చేతిలో పెట్టింది. "తినమ్మా, నువ్వు పడిపోతే ఆయన్ని ఎవరు చూసుకుంటారు" అని. అమ్మ మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు, తినింది. ఎదురుగా రాయచూరు వైపు నుంచి వచ్చిన అన్నదమ్ములు కన్నడంలో ఫోన్లు మాట్లాడుతున్నారు, వాళ్ళ చెల్లెలికి లోపల ఏదో సీరియస్.

అక్కడ కూర్చోవడం అంటే ఒక్క కేక కోసం కూర్చోవడమే. తలుపు తెరుచుకుని "ఫలానా పేషెంట్ తాలూకు ఎవరు?" అని అరుస్తారు. పేరు సగం వినపడగానే హాల్లో సగం మంది లేచి నిలబడతారు, తమది కాదని తెలిసినాక మళ్ళీ కూర్చుంటారు. పిలిచింది చీటీ ఇచ్చేకా, నెత్తురు శాంపిల్ ల్యాబ్‌లో ఇచ్చి రమ్మనేకా, ఇంకేదన్నా చెప్పేకా అనేది మొహం చూసి తెలుసుకోవాల్సిందే. పన్నెండు దాటినాక ఒక పేషెంట్ తాలూకు వాళ్ళను పిలిచినప్పుడు లోపలి నుంచి ఏడుపు వినపడింది. హాల్లో ఎవరూ మాట్లాడలేదు చాలాసేపు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, గోళ్ళు దిగేంత.

మధ్యలో పోలీసు ఔట్‌పోస్టు నుంచి కానిస్టేబుల్ వచ్చి నాయన పేరు, ఊరు, ఎక్కడ ఎట్ల జరిగింది అడిగి రాసుకుని నా సంతకం తీసుకున్నాడు. అమ్మ భయపడిపోయింది, పోలీసులెందుకు నాయనా మనమేం చేసినాం అని. పాముకాటు, యాక్సిడెంటు, పురుగుమందు తాగిన కేసులు ఏవైనా మెడికో లీగల్ కింద రాస్తారు, భయపడేది ఏం లేదని ఆయనే చెప్పినాడు. ఆధార్ కార్డు ఫోటో ఫోన్లో ఉంటే సరిపోయింది. మీ ఇంట్లో అందరి ఆధార్లూ ఫోన్లో పెట్టుకోండి, ఫోన్‌కు ఛార్జర్ కూడా వెంట పెట్టుకోండి, నాది ఒంటిగంటకు ఆగిపోతే సీనన్న ఫోనే దిక్కయింది.

ఇంక ఫోన్లు. ఇది రాయకపోతే ఆ రాత్రి గురించి సగమే చెప్పినట్టు. పదకొండు నుంచి రెండు దాకా చుట్టాలు ఆగకుండా చేసినారు. మా మేనమామ, మంత్రం పెట్టే ఆయన ఉన్నాడు, ఫోన్ నాయన చెవి కాడ పెట్టు, మంత్రం చదివితే విషం దిగుతుంది అన్నాడు. పెద్దత్త, పసరు పంపిస్తా అనింది. ఇంకొకాయన ఒక ప్రైవేటు ఆసుపత్రికి మాట్లాడి పెట్టినా, వెంటనే మార్చండి, గవర్నమెంట్‌లో పెట్టి చంపుతారా అని తిట్టినాడు. ఆ ఆసుపత్రి వాళ్ళకు నేనే ఫోన్ చేసి అడిగితే ముందు అరవై వేలు కట్టాలన్నారు, పాము మందు మీ దగ్గర ఇప్పుడు ఎన్ని సీసాలున్నాయి అంటే వచ్చినాక చూద్దాం అన్నారు. డాక్టరమ్మను అడిగినా, దాచుకోకుండా. ఆమె విసుక్కోలేదు. "ఎక్కడికి పోయినా ఇచ్చేది ఇదే మందు. ఇక్కడ ఉంది, ఎక్కుతోంది. దారిలో ఏమన్నా అయితే మీరే అంబులెన్సులో ఉంటారు. మీ ఇష్టం, నేను ఆపను" అనింది. మేం కదల్లేదు. మామకు, వాళ్ళందరికీ నేను చెప్పిన మాట ఒకటే, పొద్దున మాట్లాడతా అని. వాళ్ళు చెడు కోరి చెప్పలేదు, నాయన మీద ప్రేమతోనే చెప్పినారు, కానీ ఆ ప్రేమ ఒత్తిడికి లొంగి రాత్రిపూట పేషెంట్‌ను తిప్పుకుంటా పోయే కుటుంబాలు ఎన్నో ఉంటాయి. దయచేసి ఆ పని చేయొద్దండీ. మందు ఎక్కుతున్న మనిషిని కదిలించొద్దు.

కాలి మీద గీతలు పెరుగుతానే ఉన్నాయి. 8:55 గీత చీలమండ పైన, 11:00 గీత పిక్క మధ్యలో, 1:00 గీత మోకాలి కింద. నల్లగా కమిలిపోయి చర్మం మెరుస్తోంది. నొప్పితో నాయన పండ్లు కొరుక్కుంటున్నాడు. నొప్పికి పారాసెటమాల్ ఇచ్చినారు, మామూలుగా మనం వేసుకునే వేరే నొప్పి మాత్రలు నెత్తురు కారడం పెంచుతాయంట, అవి ఇవ్వకూడదన్నారు. మూత్రం ఎంత పోసినాడో కొలిచి చెప్పమన్నారు, అంకెలున్న క్యాన్ బయట మెడికల్ షాపులో కొన్నా. పింజరి విషం కిడ్నీల మీద పడుతుంది కాబట్టి రాత్రంతా ఆ క్యాన్ చూసుకోవడమే నా పని. అసలు మనం ఊరికే కూర్చున్నాం అనుకుంటాం గానీ, అటెండర్‌కు అక్కడ నిజంగా పని ఉంటుంది. కొత్తగా చిగుళ్ళలో నెత్తురు వచ్చినా, మూత్రం ఎర్రగా వచ్చినా, మాట ముద్దగా వచ్చినా పరిగెత్తి చెప్పాల్సింది మనమే.

మళ్ళీ గొట్టం పరీక్ష, మందు మొదలుపెట్టిన ఆరు గంటల తర్వాత. మందు ఎక్కినంత మాత్రాన వెంటనే గడ్డకట్టదు, ఒళ్ళు మళ్ళీ తయారు చేసుకునేకి టైము పట్టాలంట, అందుకే ఆరు గంటలు. 3:40 ఎప్పుడవుతుందా అని గడియారం చూస్తా ఉన్నా. 4:00కి సిస్టర్ వంచింది. నేను ఈసారి పక్కనే ఉన్నా. పైన కొంచెం చిక్కబడినట్టు అనిపించింది నాకు, ఆశగా ఆమె మొహం చూసినా. ఇంకొంచెం వంచింది, మొత్తం జారిపోయింది.

మళ్ళీ పది.

బయటికొచ్చి అమ్మకు చెప్పాలంటే నోరు రాలేదు. ఇంకో డోసు వేస్తున్నారు, అంతే చెప్పినా. ఆలంపూరు అవ్వ మాత్రం నా మొహం చూసి కనిపెట్టేసింది, నా వీపు మీద చెయ్యి వేసి ఊరికే కూర్చుంది. నేను ఏడ్చినా అప్పుడు, రాత్రి మొత్తంలో అదే మొదటిసారి. తర్వాత తెలిసింది ఏందంటే పింజరి కాటుకు రెండో డోసు పడడం మామూలేనంట, మందు పనిచేయలేదని కాదు, విషం ఎక్కువ ఎక్కిందని. ఆ సంగతి నాలుగు గంటలప్పుడు తెలిసి ఉంటే ఎంత ధైర్యంగా ఉండేదో. అందుకే ఇక్కడ ఇంత వివరంగా రాస్తున్నా, మీకు రెండోసారి కూడా గడ్డకట్టలేదని చెప్తే అంతా అయిపోయిందనుకోవద్దు.

రెండో డోసుకు రియాక్షన్ రాలేదు. ఆరు గంటలకల్లా గేటు బయట ఇడ్లీ బండి వచ్చింది, సీనన్న అందరికీ తెచ్చినాడు, అవ్వకు కూడా. ఏడున్నరకు డ్యూటీ మారింది, కొత్త డాక్టర్ వచ్చి మొత్తం మళ్ళీ మొదటినుంచి అడిగినాడు, 7:10తో సహా. గీత మాత్రం 5:00 తర్వాత పైకి పోలేదు. అది నేనే మొదట చూసినా.

శుక్రవారం ఉదయం 10:15కి మూడో గొట్టం. 10:35కి సిస్టర్ వంచింది, కదల్లేదు. పూర్తిగా తలకిందులు చేసింది. నెత్తురు అడుగునే గట్టిగా పట్టుకోని ఉంది, చుక్క కూడా జారలేదు. "నువ్వే చూడు తమ్ముడూ" అని నా చేతికి దగ్గరగా పెట్టి చూపించింది. నేను ఆమె కాళ్ళు మొక్కబోతే వెనక్కి జరిగి, పోయి మీ అమ్మకు చెప్పు అనింది. అప్పుడు టీటీ వేసినారు.

ఆ తర్వాత వార్డుకు మార్చినారు. కిడ్నీ ఎట్ల పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ కొంచెం పెరిగి మళ్ళీ దిగింది, డయాలిసిస్ దాకా పోలేదు. 23న డిశ్చార్జ్. పాము మందు, పరీక్షలు, బెడ్డు, దేనికీ డబ్బు తీసుకోలేదు. మాకు అయిన ఖర్చు చాప, దుప్పటి, బకెట్, మగ్గు, క్యాన్, ఆటోలు, తిండి, అన్నీ కలిపి మూడు వేల లోపే. సెప్టెంబరే అయినా తెల్లవారుజామున కింద పడుకుంటే చలి వేస్తుంది, దుప్పటి ఇంటినుంచే తెచ్చుకోండి, చిల్లర కూడా ఉంచుకోండి.

డిశ్చార్జ్ అప్పుడు ఒక మాట చెప్పినారు, అది చాలామంది పట్టించుకోరంట. ఈ మందు వేసినాక వారం పది రోజులకు జ్వరం, కీళ్ళ నొప్పులు, దద్దుర్లు రావచ్చు, వస్తే విషం మళ్ళీ తిరగబెట్టిందని భయపడి మంత్రాల కాడికి పోకుండా ఇక్కడికే రండి అని. సరిగ్గా 27న నాయనకు జ్వరం వచ్చింది, మోకాళ్ళు పట్టేసినాయి. తీసుకుపోయినాం, మాత్రలిచ్చినారు, నాలుగు రోజుల్లో తగ్గింది. పాదం మీద కమిలిన చోట చర్మం ఊడి పుండు పడింది, రోజు మార్చి రోజు కట్టు కట్టిస్తున్నాం. కిడ్నీ పరీక్ష ఇంకొకసారి చేయించమన్నారు, వచ్చే సోమవారం పోతున్నాం. స్టార్టర్ పెట్టె కింద గడ్డి సీనన్న మొత్తం కోసేసినాడు, నేను పెట్టెను నడుమెత్తు రాతికూసం మీదికి మార్పించి పైన లైటు పెట్టించినా.